ఇనుపంగిల నీలవ్వ

ఏయ్ వనజా, పెట్టెలకెల్లి ఆ ఇనుపంగి ఎందుకు తీస్తున్నవ్? చూస్తే చూడు గాని తొడగకు. ఆఁ, రింగుల రింగు కలిపి అల్లిందే, కోట సిపాయిలది, మీ ముత్తాతలకంటె ముందటిది. బరువుండదా మరి? దాన్ని తొడిగినోళ్ల యాది మొత్తం దాంట్లనే ఉంటది బిడ్డా. నవ్వకు. తొడిగినంక వాడు వాడు కాదు, అంగిల ఉన్నోడు మాట్లాడుతడు. ఇప్పినంక ఏం అన్నడో వానికే తెల్వదు. మీ పెదనాయిన సంగతి నీకేం ఎరుక, నువ్వప్పటికి పుట్టనే లేవు. దసరకు జమ్మికాడికి పోయేటప్పుడు ఇంట్ల పెండ్లైన పెద్దోడే ఇది తొడగాలె. నేను కాపురానికొచ్చిన ఏడు ఆయన తొడిగిండు. వాకిట్ల నిలవడ్డడో లేదో కండ్లు మూసుకొని "నీలవ్వా... నీలవ్వా" అని ఒకటే ఏడుపు. పక్కింటి ఖుర్షీద్ బేగం నన్ను జూసి, "క్యా అమృతమ్మా, ఇంట్ల నిన్ను నీలవ్వ అంటరా?" అన్నది. ఎట్లుంటది చెప్పు!

ఇప్పినంక అడిగిన, "ఎవతె ఆ నీలవ్వ?" అని. "నాకేం తెల్వదే, అంగిల ఎవడో పాత సిపాయి ఉన్నడు గావొచ్చు" అంటడు. నమ్ముతనా? పల్లికాయ అమ్మనీకి ఊకె రాయచూరు పోతుండె. నీలవ్వ అంటే ఆ దిక్కు పేరే గద, ఇగ నాకు కత కుదిరింది. రాయచూరు పోయొస్తే చాయ పొయ్యకపోతుంటి. "మీ నీలవ్వ పొయ్యలేదా?" అంటుంటి. ఏ దసరకైనా గదే పేరు, గదే లొల్లి. ఆ మాట ఏందో ఊరోళ్లన్న చెప్పలేదా అంటవా? డప్పుల మోతల ఎవరికి ఇనొస్తది, ఇన్నోళ్లు తమాష జూసిరి. ఈడోళ్లకు కన్నడం వస్తది గాని, నేను అచ్చంపేట దిక్కుదాన్ని, నాకు యాడ ఎరుక? ఆయన పాము కరిచి పోయిండు. దినాలనాడు గూడ ఏడ్సుడు పక్కకు పెట్టి వాకిలి దిక్కే చూస్తున్న, బస్సు దిగి ఎవతన్న పిల్లల్ని సంకనేసుకొని వస్తదా, చేన్ల పాలు అడుగుతదా అని. ఎవతె రాలే. రాలేదని గూడ కోపమే వచ్చింది నాకు.

మా గోపి అప్పుడు చిన్నోడు, అంగి పెట్టెల పడ్డది. మొన్న ఎండకాలం వాని పెండ్లాయె. పిల్ల యాడ దొరికింది? రాయచూరుల! నా గాచారం. ఈ దసరకు వాడు తొడిగిండు. మల్ల గదే, "నీలవ్వా... నీలవ్వా!" వీడు తండ్రిని మించిండు, ఇంక పెండ్లి పసుపన్న పోలే అనుకున్న. కోడలు లోపట్కి ఉరికింది. బట్టలు సర్దుకుంటదేమో అనుకుంటే, చెంబు తెచ్చి వాని నోటికి పెట్టింది. "ఏందే ఇది?" అంటే, "అత్తా, నీలవ్వ కాదు, నీరవ్వా అంటుండు. మా దిక్కు కన్నడంల గూడ నీరంటే నీళ్లే గద. నీళ్లియ్యమ్మా అని అడుగుతుండు" అన్నది. నీళ్లట! ఏ లడాయిల పడ్డడో ఆ సిపాయి, దూపకు పానం పోయినట్టుంది. గుటగుట తాగిండు, చెంబు ఖాళీ. నాకు నవ్వాగలే, అందరి ముందట మట్టిల కూసొని నవ్విన. నెత్తి మీది గడ్డిమోపు దించినట్టాయె. మీ పెదనాయిన అబద్దం చెప్పలే బిడ్డా, ఒక్కనాడు గూడ చెప్పలే.

అయితే ఇను. నీళ్లు తాగినంక గోపి కండ్లు తెర్వలే, గొంతు మారింది. ఆ గొంతు నాకు ఎరుకే. సిపాయి సల్లవడ్డడు, ఇగ వాని వెనక అంగి తొడిగినోళ్లకు మాట్లాడనీకి సందు దొరికింది. ఇప్పుడు ఏ పేరొస్తదో, ఏం బయటపడ్తదో అని నేను లేచి నిలవడ్డ. నవ్వు బందయింది. ఆయన, "ఏమే, మబ్బు పట్టింది, కల్లంల పల్లికాయ మీద పరద కప్పినవా?" అన్నడు.

"కప్పిన" అన్న.

ఆఁ, గంతే. ఇంకేం అంటడు... ఇగ దాన్ని లోపట పెట్టు. జొన్నరొట్టె తింటవా, అన్నమా?