నరసయ్య మడుగులో కలిపిన పసుపు

అమ్మలారా, అయ్యలారా, లాల్మతీ ఊరి నుంచి వానలో తడుస్తూ వచ్చిన చుట్టాలారా!

నన్నెరుగుదురు, భజనలో చిడతలు వాయించే గోపాల్ని. మన నువెల్ ఫ్రాన్స్ చెరుకు కూలీల క్యాంపులో ఇంతమంది చేరడం అమ్మోరి పండక్కి తప్ప నేను చూడలేదు. ఆ పండగ చేయించి, భజనలు నడిపిన నరసయ్య ఇక లేడు. నాకు దుఃఖంగా ఉంది. ఆయనే ఉంటే, "దుఃఖం ఎక్కణ్ణించి వత్తాదిరా?" అని అడిగేవాడు.

ఏం మనిషండీ! కీర్తన మధ్యలో తాళం ఆపేసి, పైన మనం బట్టలుతికే మడుగులోంచి నీళ్ళు బయటికి పారవు కదా, మరి ఎటు పోతున్నాయని అడిగేవాడు. దేవుడి పాటలో మడుగు గోలేమిటని మునుస్వామి బావ విసుక్కునేవాడు.

ఒక ఏడు అమ్మోరి పండగ కాగానే క్యాంపులో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వీరాస్వామి కూతురు పోయింది. అమ్మోరికి కోపమొచ్చింది, మళ్ళీ పండగ చేద్దామన్నాం. నరసయ్య సరేనన్నాడు. కానీ అడిగాడు: "అమ్మోరి కోపం మన ఊట నీళ్ళు తాగినోళ్ళ మీదేనా? పై క్యాంపోళ్ళ మీద లేదేటి?"  జవాబు ఆయనకీ తెలీదు, తేల్చుకుందామనుకున్నాడు.

అప్పుడేం చేశాడో గుర్తుందా? పండక్కి దంచిన పసుపంతా తీసుకెళ్ళి ఆ మడుగులో కలిపాడు. మర్నాడు కింద మనం తాగే ఊట పసుప్పచ్చగా వచ్చింది! అమ్మోరు వెలిసిందని కొబ్బరికాయలు కొట్టాం. పాపమ్మత్తకి పూనకం కూడా వచ్చింది. నవ్వండమ్మా, పరవాలేదు, ఆయనా నవ్వాడు. నవ్వి, "అమ్మోరు కాదు, నా పసుపే. మనం ఉతికిన మురికే మనం తాగుతున్నాం" అన్నాడు. పండగ పసుపు పాడుచేశాడని కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు మనం. మడుగులో ఉతకడం మానడానికి ఇంకా చాలా కాలం పట్టింది. మానాక మాత్రం పిల్లలు బతికారు.

రేపు ఆయనకి పదో రోజు. పిండాలు ఆ మడుగులోనే వదలాలని, స్నానాలు అక్కడే చెయ్యాలని కూలికని ఈ దీవిలో ఓడ దిగిన పెద్దల నాటి ఆనవాయితీ. పోయేముందు నరసయ్య భార్య వెంకమ్మొదిన చేత ఒట్టు వేయించుకున్నాడు: "నా పిండం ఆ మడుగులో ఎయ్యొద్దు." అలా అయితే ఆయనకి గతి ఉండదని చుట్టాలు పొద్దుట్నుంచి వెంకమ్మొదినని నిలదీస్తున్నారు. గతి ఉంటుందా? నాకు తెలీదు. ఆయనకి మాత్రం తెలుసా? తెలియకపోయినా, మన పిల్లల కోసం తన గతినే పణంగా పెట్టాడు కదయ్యా!

వదినా, చెరుకు తోటల అవతల, ఊటకి దిగువన ఏరుంది. రేపు అక్కడికే పోదాం. పిండాల పళ్ళెం నేను పట్టుకొస్తాను.

మాతో వచ్చేవాళ్ళంతా ఇప్పుడు లేచి నిలబడండి.  నరసయ్యని తలుచుకోండి, తన వెనక ఎంతమందిమున్నామో వదిన చూడాలి.