ఇక్కడ కేకలు వెయ్యకూడదు

హలో… ఆఁ, నేనేనండీ, ప్రకాష్‌నే… ఎవరూ?… అయ్యబాబోయ్, పున్నారావు బాబాయ్ గారా! మొవ్వ నుంచేనా?… కొత్త నంబరు కదండీ, పోల్చుకోలేకపోయాను…

బాగానే ఉన్నానండీ… లేదు లేదు, మాల్దీవుల్లో ఫుట్‌బాల్ ఆడటం ఎప్పుడో మానేశాను. మన విక్రమ్ పోయాక ఒక్క సీజన్ ఆడాను, అంతే. కాళ్ళు కదిలితేగా… ఆఁ, ఇప్పుడు బందర్లోనే. గిలకలదిండి దారిలో మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ ఉంది చూడండి… ఆ రేకుల షెడ్డే. లోపల పచ్చ కార్పెట్టు పరిపించి, చుట్టూ చెక్కలు కొట్టించాం. ఇండోర్ సాకర్ అంటారండీ. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. బంతి బయటికి పోవడమంటూ ఉండదు, చెక్కకి తగిలి మళ్ళీ మన మీదికే వస్తుంది…

శ్రీజా? మన బిందు కూతురు శ్రీజా?… చూశారా గడుగ్గాయి! రెండు నెలల నుంచి వస్తోంది, మీ మనవరాలినని చెప్పనే లేదు!… భలే ఆడుద్దండీ. ఎడమ కాలైతే మరీ… ఆఁ… అవునండీ. వాళ్ళ మావయ్య విక్రమ్‌దే.

ఏమని చెప్పింది?… ఓహో, కంప్లయింటా… అంటే, రేకుల షెడ్డు కదండీ. ఒక్క పిల్ల అరిస్తే నాలుగు గోడలూ అరుస్తాయి. చెవులు చిల్లులు పడతాయి. అందుకని కేకలు వద్దన్నాను. అంతా విజిల్‌తోనే…

మీ దగ్గర నాకు దాపరికం ఏముంటుందండీ…

నిజమే. ఒకళ్ళనొకళ్ళు పిలుచుకోకపోతే ఆటే లేదు… ఆ మాట విక్రమ్ చెప్పాడా మీకు?… వాడికి చెప్పింది నేనేనండీ.

ఒక్క నిమిషం. — ప్రియా, బంతి ఆపండమ్మా. అందరూ బయటికెళ్ళి నీళ్ళు తాగండి. ఆ తలుపు దగ్గరకెయ్యి. — ఆఁ, చెప్పండి…

ఆ మ్యాచ్ వీడియోనా?… నాలుగేళ్ళయింది, ఇంకా చూస్తున్నారా అది?… ఎందుకు బాబాయ్ గారూ…

అవును. ఆగిపోతాడు. బంతి గాల్లో వస్తుంటే, ఎగరబోయి ఆగిపోతాడు. అవతలి గోల్‌కీపరు మోకాలొచ్చి కణతకి… నాకు చెప్పక్కర్లేదండీ, కళ్ళు మూసుకుంటే నాకదే…

ఎవరన్నారా మాట?… భయపడి ఆగిపోయాడా! విక్రమా!… ఊళ్ళోవాళ్ళకేం తెలుసండీ? నోరుంది, అంటారు… మీరూ అదే అనుకుంటున్నారా?… అందుకా వాడి కప్పులన్నీ అటకెక్కించేశారు?… పిరికితనంతో ప్రాణం పోగొట్టుకున్నాడని…

ఆగండి. ఫోన్ పెట్టెయ్యకండి. మీకొకటి చెప్పాలి. చెబుదామని రెండుసార్లు బయల్దేరాను కూడా. కూచిపూడి దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయాను…

వాడు భయపడలేదండీ. నా వల్ల ఆగాడు…

నేను ఆగమనలేదు. అదే కదా నా కర్మ… ఎలా చెప్పేదండీ? ఆ టీమ్‌లో మేమిద్దరమే తెలుగువాళ్ళం. అవతల వాళ్ళకి అర్థం కాకూడదని తెలుగులోనే అరుచుకునేవాళ్ళం. కుడి, ఎడమ, వెనకాల మనిషి… అన్నీ ముందే అనుకున్న మాటలు. ఆ రోజు కంగారులో నా నోట్లోంచి మా చేపల బోటు మీది మాట వచ్చేసింది. 'వదులు' అని అరిచాను…

ఆఁ, వదులు. మా బోటు మీద ఆ మాటకి అర్థం, చేతిలో వల వెంటనే నీళ్ళలోకి వెయ్యమని. మా నాన్న పొద్దస్తమానం అదే కేక. అలాగే వెంటనే తలతో కొట్టి బంతి నాకు పంపరా అన్నానండీ నేను. వాడేమో సముద్రం ఎరగని మొవ్వ వాడు. వాడికి వదులు అంటే…

అవునండీ. ముట్టుకోవద్దని. ఎగిరుంటే ఆ మోకాలు మహా అయితే ఏ తొడకో తగిలేది. నా మాట విని అక్కడే నిలబడిపోయాడు…

వీడియోలో ఎలా వినపడుద్దండీ, కామెంటరీ వాడి గోల తప్ప. విన్నది మేమిద్దరమే… ఇప్పుడు నేనొక్కణ్ణే వింటున్నాను. పిల్లల్లో ఎవరు నోరు తెరిచినా అదే కేక. అందరూ వెళ్ళిపోయాక తాళం వెయ్యబోతే లోపల్నుంచి అదే కేక. గొంతు నాదేనండీ, నాకు తెలుస్తూనే ఉంటుంది.

బాబాయ్ గారూ?… తిట్టండి. ఏదో ఒకటి అనండి.

ఎవరితో?… విక్రమ్ వాళ్ళ అమ్మగారితోనా? వద్దండీ, మీరే చెప్పండి… నా వల్ల కాదు, మీకు పుణ్యముంటుంది… బాబాయ్ గారూ…

అమ్మా… నేనమ్మా. గిలకలదిండి ప్రకాష్‌ని… మొత్తం విన్నారా… స్పీకర్లో ఉందా…

అవునమ్మా. మీవాడికి భయమన్నది తెలీదు. తప్పంతా నాదే…

వెంటనే కాదమ్మా. అంబులెన్స్ వచ్చేదాకా తెలివిలోనే ఉన్నాడు. తల నా ఒళ్ళోనే పెట్టుకున్నాను…

అది మాత్రం అడక్కండి. మీకు దణ్ణం పెడతాను… అమ్మా…

ఆఁ, మాట్లాడాడు. ఒక్క మాటే. నన్నే అడిగాడు…

'నీకే వదిలేశాను కదరా, గోల్ కొట్టావా?' అన్నాడమ్మా.

…కొట్టానురా అని చెప్పాను.

లేదమ్మా. బంతి ఎటు పోయిందో కూడా నేను చూళ్ళేదు… అమ్మా?… హలో… హలో…