మూడో బౌలరు

అదెట్లా సార్, సెలక్షను ముగిసిపోయిందంటే ముగిసిపోయినట్లేనా? నేను చెప్పేది ఇంకా ఒకటి మిగిలుంది. కూర్చోండి. కాఫీకేమీ ఇయ్యొద్దు.

మీ ఫ్యాక్టరీ టీముకు పేస్ బౌలరును తీసుకొన్నారు. టీములో చేరినోనికి లోపల పర్మనెంటు ఉద్యోగం. సంతోషం. కృష్ణగిరి సుబ్బరాయుడంట కదా. వాళ్ళ నాయనకు బజార్లో రెండు అంగళ్ళు, మీ ఉద్యోగం లేకపోతే వాళ్ళింట్లో పొయ్యి ఎలగదా? సరే, పిల్లోని తప్పేముంది, బాగానే వేస్తాడు. కాదనే నోరు నాకు యాడుంది? వాడే ఫస్టని మీకు చెప్పింది నేనే కదా.

మరిచిపోయినారా? పోయిన నెల ఆదివారం సార్. వాన కురిసి గ్రౌండులో బౌలింగుకు పరిచిన మ్యాటంతా నానిపోయె. మ్యాచి లేదు. మీరెవురో ఏమో మాకు తెలీదు. వచ్చి ఈ బెంచీ మీదనే కూర్చొని కాఫీ అడిగినారు.

మావోళ్ళు ఆట లేకపోతే ఊరికే ఉంటారా? లీగులో పేస్ బౌలర్లలో ఎవురు ముందు, ఎవురు ఎనక అని మొదలుపెట్టినారు. దినామూ అదే పని వాళ్ళకు. ఒకడు కెలమంగలం ఆంజప్ప యార్కరు చూడల్ల అంటాడు. ఇంకొకడు, యార్కరుంటే సరిపోయెనా, రెండో స్పెల్లుకే ఆయాసపడతాడు కదరా అంటాడు. టైలరు వరదప్పయితే కుట్టేదానికిచ్చిన రవికెలు అట్లే వదిలేసి వచ్చి వాదిస్తాడు.

ఆ పొద్దు వరదప్పే అనె, మాదప్ప ముందర వీళ్ళంతా ఏ మూలకు వస్తార్రా అని. మాదప్ప నా కొడుకు సార్. ఆ సంగతి మీకెవురూ చెప్పలేదు.

అప్పుడు మీరు నా తట్టు తిరిగి, మావోళ్ళు పిలిచే పేరుతోనే అడిగినారు. 'ఏమప్పా వెంకటేశప్పా, అందరి మాటా దినామూ వినేటోడివి, నువ్వు చెప్పు' అని. నేనేమన్నాను? సుబ్బరాయుడు ఫస్టు, ఆంజప్ప రెండు అన్నాను. మాదప్పనా? వాడింకా పచ్చికాయ, మూడోవాడు అన్నాను. వరదప్ప నోరు తెరిస్తే, నువ్వు ఊరుకోప్పా అని కసిరినాను.

ఎందుకంటే ఏం చెప్పేది. కన్నోడు బిడ్డను పొగడరాదు సార్, ఆయుస్సు తగ్గుతాదంటారు. అందులోనూ ఊరూ పేరూ తెలీనోని ముందర. మీ ఇండ్లల్లో లేదా ఈ మాట?

నవ్వొద్దండి. మాదప్పకు ముందొకడు పుట్టినాడు నాకు. బొద్దుగా, చూస్తే ఎత్తుకోవాలనిపించేటట్లు ఉండె. సంతకు ఎత్తుకొని పోయి, చూడండప్పా నా కొడుకు అని కనపడినోళ్ళకంతా చూపించుకొంటా తిరిగినాను. ఏడాది తిరక్కముందే పోయినాడు. డాక్టరు జొరం అనె. నా పెండ్లాము మారక్క మాత్రం జొరమని ఈ పొద్దుకూ అన్లేదు. అప్పట్నుంచి మాదప్ప గురించి నా నోట ఒక్క మంచి మాట రాలేదు.

కాఫీ అంగట్లో చెప్పిన మాట పట్టుకొని మీరు ముందు ఇద్దరినే ట్రయలుకు పిలుస్తారని ఎవురికి తెలుసు? ఆఫీసరంటే జీపులో వస్తాడనుకొంటిమి. మీ మీద నాకు కోపం లేదు. లేదని ఎందుకు అబద్ధం చెప్పేది, ఉంది. ఇంకొక ఆదివారం వచ్చి కండ్లతో చూసుంటే మీ సొమ్మేం పోయుండు?

ఇప్పుడు చెప్తాను వినండి. ఇంక దిష్టి తగిలేదానికి ఏముంది మిగిలింది? వానిది ఎడమచెయ్యి. చిన్నప్పుడు కుందారపల్లిలో మా నాయనతో మేకలకు పోతా ఉండె. గుంపు తప్పిన మేకకు ముందర రాయి పడల్ల, మేకకు తగలకూడదు. అట్లా నేర్చిన చెయ్యి అది. బాలు బయటికి పోతాదిలే అని బ్యాటు ఎత్తి వదిలేస్తారు, అది లోపలికి తిరిగి స్టంపు లేపుతాది. సేలం టీము కెప్టెను అవుటయినాక కూడా పోకుండా మ్యాటును తడివి చూస్తా ఉండె, మ్యాటుకు కొట్టిన మేకు గాని పైకి లేసిందేమోనని. ఏ మేకూ లేదు.

సుబ్బరాయుడు వాని తర్వాతే సార్. శానా తర్వాత. ఈ మాట నేను అనేది ఇదే మొదలు.

ఆ పొద్దు వాడు యాడున్నాడనుకొంటిరి? ఈ తడిక ఎనకనే, డ్రమ్ములో నీళ్ళు పోస్తా ఉండె. అంతా విన్నాడు. ట్రయలుకు పిలుపు రాలేదని తెలిసినాక వచ్చి అడిగినాడు, 'నాయనా, నేను నిజంగా మూడోవాన్నేనా?' అని. కోపంగా అడిగుంటే బాగుండు. నేను చెప్తే నమ్మేదానికని అడిగినాడు.

పాలు పొంగతా ఉండాయి, పోయి చూడుపో అన్నాను.

అంతే. ఇప్పుడు బాలు ముట్టడు. క్వారీకి పోతా ఉండాడు, లారీలకు రాళ్ళెత్తేదానికి. ఆ ఎడమచేత్తోనే. నిన్న మావోళ్ళు ఈడ మళ్ళీ వరస పెట్టినారు. మూడోది సూళగిరి పిల్లోడెవురో అంట. మాదప్ప పేరు వరదప్ప కూడా ఎత్తలేదు.

ఏమంటిరి? మీకు చెప్పింది వానికి చెప్పమంటారా? మీరు చెప్పేది సులభం సార్. దినామూ పొద్దున వాడు సద్ది కట్టుకొని పోయేటప్పుడు నోటిదాకా వస్తాది. వచ్చి ఆడనే నిలిచిపోతాది. వాడు పోయేది రాళ్ళు పగలగొట్టే చోటికి సార్. పొగిడి ఎట్లా పంపించేది? నన్ను చెడ్డనాయన అనుకోనీ. అనుకొంటానే ఇంటికి రానీ.