ముద్ద ముట్టని టైగరు

“శిక్షణ ఇయ్యప్పా అని పంపిస్తే, శిక్ష ఏసి పంపినావు గదప్పా జయపాలూ!”

బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని మానేసి, బేతంచెర్లలో తన ఇంటి ముందు ‘కుక్కలకు శిక్షణ ఇవ్వబడును’ అని బోర్డు కట్టుకున్న జయపాల్‌కు మొట్టమొదటి గిరాకీ ఈ పెద్ద ఈరన్నే. నెలపాటు నేర్పించి మొన్ననే అప్పజెప్పిన కుక్కను గొలుసుతో ఈడ్చుకొచ్చి, సరిగ్గా అన్నాల వేళకు అదే బోర్డు కింద నిలబడి వీధంతా వినబడేలా అరుస్తుంటే, జయపాల్‌కు కాళ్లకింద బండ కదిలినట్టయింది.

“మెల్లగా చెప్పు ఈరన్నా, అందరూ చూస్తాండారు.”

“చూడనీ! చూడల్లనే ఈడికొచ్చినా. ట్రైనరంట ట్రైనరు! ఈ ఊరికి ట్రైను వస్తాది గానీ ట్రైనరు యాడ నుంచి వస్తాడు? పాత కుక్కను దొంగనాకొడుకులు సంపితే, బండల యార్డు కాపలాకు ఈ టైగర్‌ను తెచ్చుకుంటి. గాలిపోయిన టైరు మాదిరి చేసినావు. తిండి ముట్టదు!”

“నా తాన బాగ తినె కదన్నా. టైగర్, కూర్చో! చూడు, కూర్చున్యాది.”

“కూర్చో అన్నా కూర్చుంటాది, కూర పెట్టినా కూర్చుంటాది! చొంగ కారుస్తా నా మొగం చూస్తాది గానీ గిన్నెలో మూతి పెట్టదు.”

“రోగమేమన్నా...”

“పశువుల డాక్టరు చూసినాడు. రోగం కుక్కకు ల్యా, నేర్పినోనికి ఉండాది.”

“డాక్టరు అట్ల అన్యాడా?”

“నేనంటాండా! పొద్దున గోడ కింద మటన్ ముక్కలు పడుండాయప్పా, మటన్! దాని ముందర గూడ భక్తుని మాదిరి కూర్చున్యాది. ఏం కొట్టినావు దాన్ని?”

“నేను కొట్టల్యా. నీ గొంతు వింటే నాకే తినబుద్ధి కాదు, దానికెట్లవుతాది?”

“ఏందీ! బండలు పాలిష్ చేసేటోడు కుక్కను బండ చేసినాడని చెప్తా సూడు, బనగానపల్లె దాకా! కుక్క గాదు, పిల్లిపిల్లను గూడ ఎవురూ ఇయ్యరు నీకు. మళ్ల మిషన్ కాడికి పోయి దుమ్ము మింగు.”

“దుమ్ము మింగి దగ్గు పట్టినాకనే కదన్నా ఇది మొదలుపెట్టింది. ఇది పోతే నాకింక ఏముండాది?”

“నీ దగ్గు నాకెందుకు? బోర్డు పీకు!”

“పీకను!”

“నేనే పీకుతా!”

“ఏమయ్యా, ఆగు. ఈరన్నా, నువ్వూ ఆగు. అన్నం పెట్టినా, ఇద్దరూ రాండి. టైగర్‌కు గూడ పెట్టినా.”

“నా కుక్క పస్తుంటే నేనెట్ల తింటానమ్మా ప్రేమజ్యోతీ? నీ మొగునికి దిగుతాది ముద్ద, ఆయప్పకు పెట్టు.”

“అయితే ఆ అరుగు మీదన్నా కూర్చో... పరలోకమందున్న తండ్రీ, ఈ ఆహారము కొరకు నీకు స్తోత్రము. ఆమేన్.”

“ఆమేన్.”

“అరెరెరె! జయపాలూ! తింటాండాది! గిన్నెను గూడ తినేట్టుండాది! ఏం చెప్పినావమ్మా దానికి?”

“దానికేం చెప్పల్యా ఈరన్నా. దేవునికి చెప్పినా.”

“కుక్క విన్యాది గదా!”

“ఏమయ్యా, పూటపూటకూ దాన్ని ‘ఆగు’ అని మన పక్కనే కూర్చోబెడితివి. ‘తిను’ అని ఎప్పుడన్నా చెప్తివా?”

“చెప్పల్యా జ్యోతీ. ఆగడం నేర్పినా, తినడం నేర్పడం మరిచిపోయినా. ఆమేన్ అన్యాక మనం తింటాంటిమి, అదీ తింటాండె.”

“మరిచిపోయినావా? నా ఇంట్లో ఆ మాట ఎవురు జెప్తారు? పూటపూటకూ నీ పెండ్లాన్ని పంపిస్తావా?”

“వారం ఇయ్యన్నా, మాట మార్చి నేర్పిస్తా.”

“గంట గూడ ఇయ్యను! తప్పు నీదని నీ నోటితోనే ఒప్పుకుంటివి. యాడుండాది నిచ్చెన? బోర్డు పీకల్ల!”

“పీకుదువులే అన్నా. ముందు ఒకటి చెప్పు. ఆ మటన్ ఎవురేసిరి?”

“నా పెండ్లామే ఏసింటాది, జాలిపడి.”

“వదిన గిన్నెలో పెట్టకుండ గోడ కింద ఏస్తాదా?”

“ఏస్తాది... ఎందుకేస్తాది? ఉండు, ఫోన్ చేస్తా. మేయ్, గోడ కాడ మటన్ నువ్వేనా ఏసింది? కాదా? మరి ఎవురు... ఏందీ? కాకులా? ఆడికాడే సచ్చి పడినాయా? మటన్‌లో మందు పెట్టినారే దొంగనాకొడుకులు! ముట్టొద్దు, పిల్లోల్లను ఆ పక్కకు పోనీయొద్దు!”

“ఈరన్నా... నిచ్చెన తెమ్మంటావా?”

“నిచ్చెనొద్దు, ఏమొద్దు. ఆ మాట మాత్రం మార్చొద్దు జయపాలూ. ఇదిగో, టైగర్ పక్కన నేనూ కూర్చుంటాండా, నాకు నేర్పు.”