ముందుజాగ్రత్త గారి మీద పడ్డ మచ్చ

సభకు వచ్చిన పెద్దలకీ, షట్టర్లు దించి మరీ వచ్చిన బజారు వాళ్ళకీ, ఈ సంతాప సభకు అధ్యక్షత వహిస్తున్న మన వర్తక సంఘం ప్రెసిడెంటు గారికీ నమస్కారం. ఆ ఫొటోలో ఉన్నవాడు నా కొడుకు. వాడి కంటే ముందు పోవలసినవాణ్ణి, వాడి గురించి మైకు ముందు నిలబడి మాట్లాడుతున్నాను. ఈ గతి ఏ తండ్రికీ పట్టకూడదు.

కానీ అయ్యా, అమ్మా, నా మొహం చూసి మీరంతా విస్తుపోతున్నారని నాకు తెలుసు. కొడుకు పోయిన ముసలాడు ఇలా వెలిగిపోతున్నాడేంటి, మతి గానీ తప్పిందా అని గుసగుసలాడుకుంటున్నారు. మతి తప్పలేదు. పొద్దున్నుంచీ నాకు కాలు నేల మీద నిలవడం లేదు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి. నేను లారీ నడిపినవాణ్ణి, చదువుకి నాలుగో తరగతిలోనే దణ్ణం పెట్టినవాణ్ణి. మాట తిన్నగా రాదు, మలుపులు తిరిగే వస్తుంది.

మావాడు ఏం అమ్మేవాడో మీకు తెలుసు. వ్యాపారాల్లో ఉండే కంప్యూటర్లకి ఇన్సూరెన్స్. మొదటిసారి విన్నప్పుడు నేనే నవ్వాను. "కంప్యూటర్‌కి ఇన్సూరెన్స్ ఏంట్రా, అదేమన్నా రోడ్డెక్కుతుందా, ఎవడినైనా గుద్దుతుందా?" అన్నాను. "ఎప్పుడో ఎక్కింది నాన్నా. తలుపు తాళం లేని లారీలాగా రాత్రీ పగలూ రోడ్డు మీదే ఉంది. లోపల సరుకంతా జనానిది" అన్నాడు.

మీరు ఊరుకున్నారా? వాడికి ముందుజాగ్రత్త గారు అని పేరు పెట్టారు. వాడు మీ దుకాణాల మెట్లెక్కుతుంటే, "అదిగో, ముందుజాగ్రత్త గారొచ్చారు, పర్సులు దాచుకోండి" అనేవారు. వాడూ మీతో కలిసి నవ్వేవాడు. "ఏటా ఇంత కడితే, ఏమీ జరక్కపోతే డబ్బు దండగే కదా?" అని మీరడిగితే ఏమనేవాడు? "దండగేనండీ. దండగ అవ్వాలనే కోరుకోండి" అనేవాడు. ఇలా చెప్పి సరుకు అమ్మేవాణ్ణి మీరెక్కడన్నా చూశారా?

అదిగో, వెనక కూర్చున్న టైలరు గారిని అడగండి. ఆయన పాలసీ తీసుకుంటానంటే మావాడు వద్దన్నాడు. "మీ దుకాణానికి ఇంత ఖర్చు బరువు. కొలతలూ లెక్కలూ ఇంకో చోట కూడా కాపీ పెట్టుకోండి, పాస్‌వర్డు మార్చండి, చాలు" అన్నాడు. ఆ పూట మా కోడలు వాడిని కడిగేసింది. "కమీషను వద్దనుకునే ఏజెంటుని కట్టుకున్నాను, నా అంత అదృష్టవంతురాలు ఉండదు" అంది. కోపంతోనే అంది. కానీ టైలరు గారి పేరెత్తినప్పుడల్లా దాని మొహం ఎలా వెలిగేదో నేను చూశాను.

రక్తపరీక్షల ల్యాబ్ నడిపే అమ్మాయి సంగతి మీకందరికీ తెలుసు. ప్రీమియం చూసి, ఆ డబ్బుతో కొత్త మిషనే వస్తుందని విసుక్కుంది. చివరికి కట్టింది. తర్వాత ఒక పొద్దున కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి. ఎవరి రిపోర్టూ తెరుచుకోదు. డబ్బిస్తే తాళం తీస్తామని దొంగల కబురు. అప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళ ఖర్చుతోనే నిపుణులు వచ్చి అంతా బాగుచేశారు. మూతపడిన రోజుల నష్టం కూడా వచ్చింది, ఆమె దగ్గర పనిచేసేవాళ్ళకి జీతాలు ఆగలేదు. మావాడు ల్యాబ్‌లోనే చాప వేసుకుని పడుకున్నాడు. ఆ అమ్మాయి ఇప్పుడు ఏడుస్తోంది. ఏడవకమ్మా, ఇవాళ ఏడుపు నీ వంతూ కాదు, నా వంతూ కాదు.

ఇక అసలు సంగతికొస్తున్నాను. ప్రెసిడెంటు గారూ, మంచినీళ్ళు తాగండి.

ల్యాబ్ సంగతి చూశాక ప్రెసిడెంటు గారు కూడా తమ పైపుల గోదాముకి పాలసీ తీసుకున్నారు. మావాడు కాగితం చేతికిచ్చి, అందరికీ చెప్పే మాటే చెప్పాడు. "దీన్ని బీరువాలో పెట్టండి. ఫొటో తీయొద్దు, కంప్యూటర్‌లోకి ఎక్కించొద్దు. లోపలికి దూరిన దొంగ ముందు వెతికేది ఇదే. మీకెంత వస్తుందో తెలిస్తే అంతే అడుగుతాడు" అన్నాడు.

ఆయన కంప్యూటర్లలోనూ దొంగలు పడ్డారు. ఎంత అడిగారు? ఆ పాలసీలో ఎంత ఉందో సరిగ్గా అంత. ఒక్క రూపాయి అటూ ఇటూ కాదు. అప్పుడు ప్రెసిడెంటు గారు ఇదే హాల్లో, ఇదే మైకు ముందు ఏమన్నారు? "ఆ అంకె నాకు తెలుసు, ఏజెంటుకి తెలుసు. మూడోవాడికి ఎలా తెలిసింది?" అన్నారు. అంతే. దొంగ అనలేదు. అనాల్సిన పని మీకు వదిలేశారు. మీరు అన్నారు. ఈ హాలు పై అంతస్తులో ఉన్న వాడి ఆఫీసు బోర్డు పీకించారు. ఆ బోర్డు ఇప్పటికీ మా వరండాలో గోడకి ఆనించి ఉంది.

మరి మావాడు ఏం చేశాడు? తనని దొంగని చేసినవాడి గోదాము కోసమే తిరిగాడు. ఇన్సూరెన్స్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ఆయనకి రావలసిందంతా ఇప్పించాడు. ఎందుకురా అంటే, "ఆయన కట్టాడు నాన్నా, ఆయనకి రావాలి" అన్నాడు. గోదాము తెరుచుకుంది. మావాడే మూసుకుపోయాడు. బజారుకి రావడం మానేశాడు, అన్నం దగ్గర మాట మానేశాడు. ఒక రోజు నిద్రలోనే గుండె ఆగిపోయింది.

ఇప్పుడు వినండి, నా ఆనందం ఎందుకో. ఇవాళ పొద్దున గోదాములో లెక్కలు చూసే అమ్మగారు మా ఇంటికొచ్చారు. అదిగో, మూడో వరుసలో ఉన్నారు, దాక్కోలేదు. ఈ సభకి ప్రెసిడెంటు గారే అధ్యక్షులని తెలిసి ఆవిడకి ముద్ద దిగలేదట. దొంగలతో బేరం నడిచినప్పుడు ఆవిడ పక్కనే ఉన్నారు. "నా దగ్గర అంత లేదు" అని ఈయన రాస్తే, వాళ్ళు జవాబుగా ఏం పంపారో తెలుసా? ఈయన పాలసీ కాగితమే! ఈయన కంప్యూటర్‌లో ఈయన చేత్తో దాచుకున్న ఫొటో! "ఉందిగా" అని కింద ఒక్క మాట. ఈయన దాన్ని తుడిచేసి, "గోదాములో వాటాలున్న బావమరుదులకి నా తప్పని తెలిస్తే పరువు పోతుంది, నువ్వు చూడలేదు" అని ఆవిడతో అన్నారు. ఇందాకే ఆవిడ పోలీసులకి కూడా ఈ మాట చెప్పి వచ్చారు.

అంటే ఈయనకి మొదటి రోజే తెలుసు. తెలిసీ మావాణ్ణి నిందించారు. తెలిసీ మావాడి చేత క్లెయిము తెప్పించుకున్నారు. తెలిసీ ఇవాళ మావాడి ఫొటో పక్కన కుర్చీ వేసుకున్నారు!

నా కొడుకు దొంగ కాదు! మళ్ళీ చెప్తాను, ఎన్నిసార్లు చెప్పినా నా నాలుకకి తీపిగానే ఉంది. నా కొడుకు దొంగ కాదు! రేపు ఆ బోర్డు మళ్ళీ పైకెక్కుతుంది. దాని కింద మా కోడలు కూర్చుంటుంది, పాస్‌వర్డుల దగ్గర్నుంచీ మొగుడి పక్కన కూర్చుని నేర్చుకుంది. పాలసీ కావాలంటే మీరే మెట్లెక్కండి. ప్రెసిడెంటు గారు వస్తే మాత్రం గుమ్మం దగ్గర స్టూలు మీద నేనుంటాను. నన్ను దాటుకుని వెళ్ళాలి. క్షమించే వయసు నాకు దాటిపోయింది, అంత టైము లేదు.

ఇక చాలు. అందరూ దయచేసి లేవండి. మావాడి కోసం మౌనంగా నిలబడండి. సెల్‌ఫోన్లు ఆపండి, కుర్చీలు లాగకండి.

ప్రెసిడెంటు గారూ, మీరు మాత్రం మౌనం పాటించొద్దు. మీ మౌనం మావాడికి ఎప్పుడో ముట్టింది, దాంతోనే వాడు పోయాడు. మైకు ఇదిగో, ఇక్కడ పెడుతున్నాను. వాడి ఫొటో వైపు తిరిగి మాట్లాడండి. మీరు నోరు తెరిచేదాకా మేమిలాగే నిలబడి ఉంటాం.