చెలమకాడి కొండమేక

ఈదన్నని ఒకడుండె. విల్లు పట్టినాడంటే గురి తప్పేది లేదు, నోరు తెరిసినాడంటే గొప్పలు తప్ప ఇంకోటి లేదు. వాడికి అంకాలనే పిల్లనిస్తామని మాట ఖాయం చేసే విందు పెట్టుకున్యారంట. నడి ఎండాకాలం అనుకో. పిల్ల నాయిన, గడ్డలూ తేనే సాలులేరా అంటే, ఈడు ఊరుకుంటాడా? ‘అదేం విందు మామా, కొండమేకనే తెస్తా సూడు’ అన్యాడు. ఎండాకాలం కొండపైన నీళ్ళింకిపోతే మేకలు పిల్లల్నేసుకుని లోయలో చెలమకాడికి దిగుతాయి గదా. అప్పుడవి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలు, వాటి మీద విల్లెత్తగూడదు. వానలు పడి పైకెక్కినాకనే వేట. గూడెంలో పసిపిల్లోనికి గూడా తెలుసు. ‘చెలమకాడ ముట్టను మామా, పైన రాళ్ళమీదే కొడతా’ అని ఎగేసుకుంటా పోయినాడు.

ఏమైందంటే, పైన రాళ్ళు పెనాల మాదిరి కాలతాండాయి, మేక గాదు గదా, మేక పెంటిక గూడా లేదు. ఉంటాయా, ఓరి నీ తెలివి తెల్లారా! ఒట్టి చేతుల్తో దిగొస్తాంటే చెలమకాడ ఒకటి తలొంచుకుని నీళ్ళు తాగతాంది. అటు సూసినాడు, ఇటు సూసినాడు. ఎవురు సూడొచ్చినార్లే అనుకుని బాణమేసినాడంట. పాపిష్టోడు! గూడేనికొచ్చి పైన కొట్టినానని సెప్పినాడు, అందురూ నమ్మినారు.

విస్తర్లేసినారు, కూర వడ్డించినారు. నోట్లో ముద్ద పెట్టేలోగా ఒక మేకపిల్ల అరుసుకుంటా వొచ్చిందమ్మా. వొచ్చి, ఎండేసిన తోలుకాడ పొదుగు కోసం మూతితో కుమ్ముతాంది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయినాయి. ఒక ముసలామె, ‘పైన కొట్టినావా నాయినా? మరి ఈ పసిగుడ్డు యాడ నుంచి వొచ్చినాదిరా?’ అనింది. ఈడు ఇకిలించినాడు. ‘సిగ్గులేనోడికి నవ్వే సింగారం’ అనిందామె. అప్పుడు దిగిందమ్మా వాడికి సిగ్గు, తల నేలకేసుకున్యాడు. అంకాలు విస్తరి ముందు నుంచి లేసి, ‘దాని తల్లివి నువ్వే ఇంక. అది మందలో కలిసేదాకా నా గడప తొక్కొద్దు’ అనేసి ఎల్లిపోయింది.

ఇంకేముంది, పాలు తాపించినాడు, పక్కలో పండేసుకున్యాడు. వానలొచ్చి మంద పైకెక్కితే పిల్లకి దారి తెలీదే! మొనగాడు ముందర చేతులూ మోకాళ్ళూ ఆనించి ‘మే మే’ అనుకుంటా పాకినాడంట. కింద జనం పడీపడీ నవ్వినారు. చలికాలం మంద ఎండ తగిలే తూర్పు చరియకొస్తే, వాడూ దాన్నేసుకుని ఆడనే వణుకుతా పడుకున్యాడు. మళ్ళా ఎండలొచ్చి మంద చెలమకి దిగినప్పుడు, అది పోయి వాటిల్లో కలిసింది. అంకాలు గూడా నిలబడి సూస్తాంది. పోయింది గమ్మునుండక, వెనక్కొచ్చి వాడి చెయ్యి నాకింది. ‘ఒసే, నీయమ్మని సంపిన చెయ్యే అది, నాకొద్దే’ అని కూలబడి ఏడ్చినాడంట. ‘సాల్లే, పద ఇంటికి’ అనింది అంకాలు.

పెళ్ళయింది, పిల్లలు పుట్టినారు, బాగానే బతికినాడు. అయితే ఎండాకాలం మంద దిగిందంటే వాడు చెలమకి పోడు, నీళ్ళకి కొండ సుట్టి అవతల వాగుకి పొయ్యేటోడు. ‘మేకలెప్పుడో మర్సిపోయినాయి గదరా’ అంటే, ‘మర్సిపోయినాయి గనకే మొగం సూపించలేను’ అనేటోడంట. ఇప్పటోళ్ళయితే ఆ మేకని పక్కన నిలబెట్టుకుని ఫోటో దిగుతారు. ఏం నవ్వుతావులేరా, నిన్నే అనేది.