కొండదారిలో వాన

కంప్యూటర్లు బిగించే కొట్లో ఓ మధ్యాహ్నం. గుండె ఆపరేషన్ అయ్యాక బస్సు నడపడం మానేసిన తండ్రి, ఆ కొట్లోనే పనిచేసే కూతురు.

"ఈ స్టీరింగ్ పట్టుకో నాన్నా. బస్సు నడిపే ఆట. ఇది నేను బిగించిన గేమింగ్ పీసీ."

"అమ్మో! అద్దం మీద చినుకులు చూడవే. స్పీడు పెంచేకొద్దీ పైకి పాకుతున్నాయి! కొండదారిలో వానొస్తే అచ్చం ఇంతే. ఈ ఆట చేసినవాళ్ళకెవరు చెప్పారే?"

"ఇప్పుడు అదే దారి ఈ చిన్న పెట్టెలో చూడు. కొత్త కన్సోల్. టీవీకి తగిలిస్తే చాలు."

"ఇదీ అలాగే ఉందే! మరి తేడా ఏముంది?"

"దూరపు చెట్లు చూడు. పీసీలో ఆకులు విడివిడిగా కనిపిస్తాయి, ఇందులో కాస్త అలికినట్టుంటాయి. పీసీకి బలం ఎక్కువే, కానీ దాని ధరకి ఇలాంటివి మూడొస్తాయి. పదేళ్ళుగా పీసీలు బిగిస్తున్నదాన్ని, ఇంత చిన్నది ఇంత పని చేస్తుందంటే నేనే నమ్మలేదు."

"మలుపులో ఆకులెవరు చూస్తారే? నాకు రోడ్డు కనిపిస్తే చాలు. ఇదే తీసుకుందాం."

"ఏడాదయింది నాన్నా, నువ్వు స్టీరింగ్ ముట్టుకుని. ఆయాసంగా లేదు కదా?"

"లేదే! నేనూ అదే వింతగా చూస్తున్నాను. అవునూ, ఈ అద్దంలో వెనక సీట్లన్నీ ఖాళీగా ఉన్నాయేంటి?"

"ఈ ఆటలో ప్రయాణికులుండరు నాన్నా."

"అయితే ఆ స్టూలు లాక్కుని నా వెనకాల కూర్చో. ఖాళీ బండి నడపడం నాకు అలవాటు లేదు."